ట్రయల్ ఎత్తేశాక

టీకా పనిచేయడం లేదని చెప్పిన రోజున ఎవరూ ఏడవలేదు. క్లినిక్ హాల్లో అందరినీ కూర్చోబెట్టి డాక్టరమ్మే చెప్పింది. హెచ్ఐవీని ఆపుతుందనుకున్న టీకా ఆపడం లేదు. టీకా పడ్డవాళ్లకూ, ఉత్త ఉప్పునీళ్ల సూది పడ్డవాళ్లకూ రోగం ఒకేలా సోకుతోంది. అందుకని అన్ని దేశాల్లోనూ ట్రయల్ ఆపేస్తున్నారు. ఎవరికి మందు పడిందో, ఎవరికి ఉప్పునీళ్లు పడ్డాయో ఆమెకూ తెలియదు. సముద్రాల అవతల ఒక కంప్యూటర్‌కి తెలుసు. అది నోరు విప్పాక ఒక్కొక్కరినీ పిలిచి చెబుతామంది. ఇంత చెప్పి గ్లాసెడు నీళ్లు తాగింది. వాలంటీర్లకు బిస్కెట్లు పంచారు. తిన్నారు, వెళ్లిపోయారు.

వాళ్లలో సగంమందిని ఆ హాల్లోకి తెచ్చింది సైరనక్క. ఆమెకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. మైకు చేతికిస్తే పక్కన పెట్టి మాట్లాడే గొంతు. మొగుడు ఈ రోగంతోనే పోయాడు, ఆమెకూ ఇచ్చిపోయాడు. మాత్రలు మింగుతూ బతుకుతోంది. ఆసుపత్రి గేట్ల ముందు పడుకుని మందులు సాధించిన కాలం నుంచి ఆమె నోరు మూసిన పాపాన పోలేదు. టీకావాళ్లు వచ్చి, రోగం లేని మనుషులు కావాలి, సూది వేసి చూడాలి అన్నప్పుడు వర్క్‌షాపుల్లో, లారీలు ఆగే చోట, అద్దెగదుల మెట్ల మీద కూర్చుని బతిమాలిందీ తిట్టిందీ ఒప్పించిందీ ఆమే. సూది పొడిపించుకున్న ప్రతివాడికీ ఒకటే పాఠం: బయట ఎక్కడా హెచ్ఐవీ పరీక్ష చేయించుకోవద్దు, ఎవరికీ రక్తం ఇవ్వొద్దు, ఏదైనా ఉంటే మన క్లినిక్‌కే రావాలి.

హాల్లో బిస్కెట్లు పంచి చాలా వారాలైంది. ఒక పొద్దున ఆమె నడిపే సంఘం ఆఫీసు గుమ్మంలో వెల్డరు నిలబడ్డాడు. ట్రయల్లో ఒక్క సూదికి కూడా ఆలస్యంగా రాని మనిషి. భుజాన బట్టల బ్యాగు.

"సైరనక్కా, కాసేపు కూర్చోవచ్చా?"

"కూర్చోడానికి పర్మిషనేంట్రా? కుర్చీలు నావి కావు, దాతలవి. వాళ్లొచ్చి అడిగినప్పుడు లేద్దువుగాని."

అతను నవ్వలేదు. బ్యాగు దింపకుండానే కూర్చున్నాడు.

"బావ పొమ్మన్నాడక్కా."

వెల్డరు పనిచేసేది బావ వర్క్‌షాపులో. పడుకునేది షాపు మీది గదిలో. తినేది అక్క వండితే. అతనికంటూ ఉన్న ముగ్గురు మనుషులూ ఆ ఇంట్లోనే: అక్క, బావ, 'మామా' అంటూ మెడకి వేలాడే మేనకోడలు.

"ఏం చేశావు? గల్లాపెట్టెకి గాని వెల్డింగ్ పెట్టావా?"

"రక్తం ఇచ్చా."

సైరనక్క చేతిలో కప్పు బల్లమీద పెట్టింది.

"అక్కకి ఆపరేషన్. గర్భసంచి తీసేశారు. రక్తం కావాలి, బంధువులెవరైనా ఇవ్వండి అన్నారు. బావ నావైపు చూసి, 'నీ రక్తం నాకెక్కితే చెడిపోతాను గానీ మీ అక్కకి పర్లేదులే' అని నవ్వాడు. నేనూ నవ్వి వెళ్లి ఇచ్చా. నా ఫోను పగిలి రిపేర్లో ఉంది కదా, బావ నంబరు రాయించా. బ్లడ్‌బ్యాంకువాడు దానికే చేశాడు. ఎందుకు పిలుస్తున్నావురా అని బావ గుచ్చిగుచ్చి అడిగితే వాడు చెప్పేశాడు. హెచ్ఐవీ పాజిటివ్ అని."

"వాడి నోరు పడ! ఫోన్లో ఇంకొకడికి ఎలా చెబుతాడు?" ఆమె గొంతుకు పక్కగదిలో టైపు చేసే ఆవిడ ఆగిపోయింది. "వాడి సంగతి తర్వాత. నువ్వు చెప్పు. నెత్తీనోరూ కొట్టుకుని చెప్పానా లేదా, రక్తం ఇవ్వొద్దని?"

"చెప్పావు. కానీ ట్రయల్ ఎత్తేశారు కదక్కా. రూల్సూ ఎత్తేశారనుకున్నా."

తిట్టడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఎలా తిడుతుంది? ఆ రోజు హాల్లో లెక్కలు చెప్పారు, విచారం వ్యక్తం చేశారు, మీ త్యాగం అన్నారు. సూది గుర్తు ఏళ్లతరబడి ఒంట్లో ఉండిపోవచ్చు, రూల్సు ఇంకా మీ వెంటే ఉంటాయి అన్న ముక్క ఎవరికీ గుర్తు రాలేదు. దుకాణం మూస్తున్నవాళ్లకి తాళం గుర్తుంటుంది గానీ కొన్నవాడు గుర్తుండడు.

"బావకి ట్రయల్ సంగతి చెప్పావా?"

"చెప్పా. అడిగి మరీ రోగం పొడిపించుకున్నావట్రా అన్నాడు. పిల్ల నా ఒళ్లో ఉంటే లాక్కున్నాడక్కా. రెక్క పట్టుకుని లాక్కున్నాడు. అది ఏడ్చింది."

సైరనక్క లేచి కిటికీ తెరిచింది. చెప్పాల్సింది ఆమెకు వంద మెట్ల మీద చెప్పిన పాఠమే.

"విను. బ్లడ్‌బ్యాంకులో పరీక్ష చేసే కిట్టు దొంగని, అంటే వైరస్‌ని, చూడదు. పోలీసుల్ని చూస్తుంది. ఒంట్లో పోలీసులు తిరుగుతుంటే దొంగ పడ్డాడని రాసేస్తుంది. టీకా అంటే దొంగ కాదు, దొంగ ఫొటో. ఆ ఫొటో చూసి నీ ఒంట్లో పోలీసులు లేచారు. కిట్టు వాళ్లని చూసి కేకేసింది. అంతే."

"నాకు పడింది మందైతే."

ఆమె వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"ఉప్పునీళ్లు పడుంటే పోలీసులెందుకొస్తారక్కా?" అతను బ్యాగు జిప్పు లాగుతూ వేస్తూ అన్నాడు. "అప్పుడు నిజంగా దొంగ పడ్డట్టే కదా."

"అడగాల్సింది అడుగుతున్నా, సిగ్గుపడకు. ట్రయల్ ఆగాక జాగ్రత్తగానే ఉన్నావా?"

"ఒకావిడ ఉంది. ప్రతిసారీ జాగ్రత్తగా ఉన్నానని ఒట్టేసి చెప్పలేను."

*

క్లినిక్‌లో గోడలకున్న పోస్టర్లు పీకేశారు, జిగురు మరకలు మిగిలాయి. నడవా పొడుగునా అట్టపెట్టెలు. డాక్టరమ్మ నేలమీద బాసింపట్టు వేసుకుని పెట్టెలకు టేపు వేస్తోంది. ఆమె జుట్టు ఈ ట్రయల్లోనే నెరిసింది. అంతకుముందు ఇంకో టీకా, దానికి ముందు ఇంకోటి. ప్రతిసారీ ఈసారి ఖాయం అన్నారు. ప్రతిసారీ ఆమే హాల్లో నిలబడి నీళ్లు తాగింది.

సైరనక్క సంగతంతా చెప్పింది. డాక్టరమ్మ టేపు కింద పెట్టి రెండు చేతులతో మొహం రుద్దుకుంది.

"ఇతనికి కిట్టు పనికిరాదు. వైరస్‌నే నేరుగా వెతికే పరీక్ష చేయాలి."

"చేయండి."

"మిషన్‌కి సీలు వేశారు. బయట ల్యాబుతో ఒప్పందం గడువు తీరిపోయింది. మళ్లీ తెరవాలంటే పైనుంచి పర్మిషన్ కావాలి. రాశాను, ఇలాంటివాళ్లు వస్తారని అప్పుడే రాశాను. చూస్తున్నాం అన్నారు."

"పైనుంచి అంటే? దేవుడా?"

"దేవుడైతే ఈపాటికి వినేవాడు."

"గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్తా."

"అక్కడా ముందు కిట్టే. ఒకటి కాకపోతే మూడు రకాలు పెడతారు. ఇతని విషయంలో మూడూ అవునన్నా ఆశ్చర్యం లేదు. అనగానే పేరు రాసుకుని మాత్రలు చేతిలో పెడతారు. పేరు ఒకసారి ఆ వరసలోకి ఎక్కితే దింపడం నా వల్ల కాదు." డాక్టరమ్మ గోడకు ఆనుకుంది. "మధ్యాహ్నం మీటింగుంది, గుర్తుందా? అన్ని దేశాలవాళ్లూ వస్తారు. తర్వాతి ట్రయల్ ఎలా నడపాలో విధానం రాస్తున్నారు. వాలంటీర్ల నమ్మకం మీద మిమ్మల్ని మాట్లాడమన్నారు."

"నమ్మకం బయట బెంచీ మీద బ్యాగు పట్టుకుని కూర్చునుంది," అంది సైరనక్క.

*

గోడమీద తెర. తెరమీద గడులు. గడికో మొహం, ఒక్కో మొహం వెనక ఒక్కో రంగు పుస్తకాల బీరువా. ఒక గడిలో శాస్త్రవేత్త, తెల్లజుట్టు పెద్దాయన. ఇంకో గడిలో నిధులిచ్చే సంస్థ ఆవిడ. మూలగడిలో అనువాదం చేసే అమ్మాయి, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు.

ముందు నిధులావిడ మాట్లాడింది. రోజూ మింగే మాత్ర వచ్చింది, ఆరునెలలకోసారి వేసే సూది వచ్చింది, ఇవి రోగం రాకుండా ఆపుతున్నాయి, మరి టీకా మీద ఇంకా ఎందుకు పెట్టాలి అని పెద్దలు అడుగుతున్నారట. అడుగుతారు. మాత్ర ఇంటికి నడిచొచ్చే ఊళ్లో ఉండేవాళ్లు అలాగే అడుగుతారు. ఆ సూది వేసే ఆసుపత్రికి రెండు బస్సులు మారి, సగం రోజు పని పోగొట్టుకుని, గేటు దగ్గర ఎందుకొచ్చావని నలుగురి ముందు చెప్పుకుని లోపలికెళ్లేవాళ్లు అడగరు. సైరనక్క ఈ మాటలన్నీ అద్దం ముందు రెండుసార్లు అనుకుని వచ్చింది. శాస్త్రవేత్త కూడా టీకా వదలకూడదనే అన్నాడు. ఈ వైరస్ రోజుకో వేషం మారుస్తుంది, ఓడిన ప్రతి ట్రయల్ ఒక వేషాన్ని పట్టిచ్చింది, అది నేర్పింది మన వాలంటీర్లే, వాళ్లు మన హీరోలు అన్నాడు. గడుల్లో చప్పట్లు కొట్టారు. చప్పుడు రాలేదు, చేతులు మాత్రం ఊగాయి.

సైరనక్క వంతు వచ్చింది. అద్దం ముందు అనుకున్నదంతా పక్కన పడేసింది.

"మీ హీరో ఒకడు నిన్న రాత్రి బస్టాండులో పడుకున్నాడు. మీ సూది వల్లే కిట్టు అవునంటోందో, నిజంగానే రోగం వచ్చిందో చెప్పేవాడు లేడు. వాళ్లక్క పొట్ట కుట్లతో పడుంది, తమ్ముడి మొహం చూడలేకపోతోంది. వైరస్ వెతికే మిషన్‌కి మీరు సీలేశారు. రేపు ఇంకో టీకా తెచ్చి మళ్లీ నన్ను మెట్ల మీద కూర్చోమంటారు. ఏ మొహం పెట్టుకుని కూర్చోను? మీ పుస్తకాల బీరువాలు తర్వాత చూపిద్దురుగాని, ముందు ఆ సీలు తీయండి!"

మూలగడిలో అమ్మాయి పెదాలు కదిలాయి. వెంటనే ఆగిపోయాయి. నిధులావిడ మొహం నిండా చిరునవ్వుతో తలూపింది.

సైరనక్క డాక్టరమ్మ వైపు తిరిగింది. "నేనంత మాట్లాడితే ఆ పిల్ల అంతేనా చెప్పింది? ఆవిడ ఎందుకు నవ్వుతోంది?"

"పరీక్షా సేవలు ఇంకా మెరుగుపడాలని సమాజ ప్రతినిధి ఆశిస్తున్నారు అని చెప్పింది."

"ఆశిస్తున్నానా నేను?"

అప్పటిదాకా గోడకానుకుని ఉన్న డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. వాళ్ల భాషలోనే మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. ఎక్కడా ఆగలేదు. మధ్యలో బస్టాండ్ అన్న మాట సైరనక్కకూ వినబడింది, బీరువాల వైపు వేలు చూపించడమూ కనబడింది. నిధులావిడ చిరునవ్వు పోయింది. శాస్త్రవేత్త కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఏదో అడిగాడు. డాక్టరమ్మ ఒక్క మాటతో జవాబిచ్చింది. అతను ఇంకేదో అన్నాడు.

"ఇప్పుడే తీయమంటున్నారు రక్తం. ఉత్తర్వు తర్వాత పంపిస్తారట, పూచీ తనది అంటున్నారు. అతనికి పడింది మందో ఉప్పునీళ్లో చెప్పే కోడ్ కూడా విప్పుతారట." డాక్టరమ్మ అప్పటికే లేచింది. "ఆవిడ ఇంకోటి అడుగుతున్నారు. వచ్చే పెద్ద సభకి అతను వచ్చి ఈ కథ చెబుతాడా అని. విమానం టికెట్టు, హోటలు వాళ్లే చూస్తారట. ట్రయల్ అయిపోయాక కూడా వాలంటీర్లకు ఎప్పుడడిగితే అప్పుడు ఈ పరీక్ష చేసి తీరాలని విధానంలో రాయాలంటే అలాంటి గొంతు కావాలట."

"ముందు రక్తం తీయండి."

*

సాయంత్రం వెల్డరు సైరనక్క ఆఫీసులోనే ఉన్నాడు. మోచేతి మడతలో దూది. ఊరికే కూర్చోలేక తలుపు గొళ్లెం బిగించాడు, ఊగే బల్లకి కాలు కింద చెక్కముక్క పెట్టాడు, ఇంకేముందని చుట్టూ చూశాడు.

"నువ్వు ఇక్కడే ఉంటే ఈ ఆఫీసు బాగుపడిపోతుందిరా. దాతలకి అనుమానం వస్తుంది, కూర్చో."

కూర్చున్నాడు.

"రోగం ఉందని నీకు చెప్పినప్పుడు ఎలా ఉండింది సైరనక్కా?"

"ఆకలేసింది." ఆమె నిజమే చెప్పింది. "ఏడుపు రాలేదు. తెగ ఆకలేసింది. అంత ఆకలి మళ్లీ ఎప్పుడూ వేయలేదు. అప్పుడు మాత్రలు లేవు. ఉన్నవాళ్లకున్నాయి. నీకు వచ్చినా అప్పటిలా కాదు. మాత్ర మింగుతావు, పని చేసుకుంటావు, ముసలాడివై నన్ను విసిగిస్తావు. చావుకి భయపడకు."

"చావు గురించి కాదక్కా. పిల్ల గురించి." మోచేతి మడతలో దూది తీసి చూసుకున్నాడు. "మా పెద్దన్న దీంతోనే పోయాడు. ఊపిరితిత్తుల జబ్బని చెప్పాం. అమ్మ అలాగే చెప్పమంది. అక్కకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. బావకీ తెలీదు. నువ్వు షాపుకొచ్చి టీకా అన్నప్పుడు మిగతావాళ్లు నిన్ను ఆటపట్టించారు, గుర్తుందా? నేను ఏం మాట్లాడకుండా వచ్చేశా."

"గుర్తుంది. వీడు మూగోడు కాబోలు అనుకున్నా."

"పనిచేస్తుందనుకున్నానక్కా. నిజంగా."

ఆమె కూడా అనుకుంది. ప్రతిసారీ అనుకుంటుంది, అదే ఆమెకు పట్టిన అసలు రోగం.

*

మర్నాడు డాక్టరమ్మ ఫోను చేసింది. పలకరింపు కూడా లేకుండా చెప్పింది. "వైరస్ లేదు. రెండుసార్లు చేయించాను. కోడ్ కూడా వచ్చింది, మందే పడింది."

సైరనక్క ఫోను దించి వెల్డరు వైపు చూసింది. అతను గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు.

"పోలీసులేనా అక్కా?"

"పోలీసులేరా. చేతకాని పోలీసులు."

అతను మోకాళ్ల మధ్య తల పెట్టుకుని నవ్వాడు. కాసేపటికి ఆ నవ్వు నవ్వు కాకుండా పోయింది. ఆమె పక్కన కూర్చుని వీధిలో వచ్చేపోయేవాళ్లను చూస్తూ ఉండిపోయింది.

వెల్డరు అక్క ఉన్న వార్డుకు వాళ్లతో డాక్టరమ్మ కూడా వచ్చింది. మంచం పక్కన బావ, గ్రీజు మరకల చొక్కా, ఒళ్లో పిల్ల. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. బావ చివరిదాకా విన్నాడు.

"అంటే మేడమ్, ఒక మిషన్ ఉందంటుంది, ఒక మిషన్ లేదంటుంది. నాలాంటివాడు ఏ మిషన్‌ని నమ్మాలి? బండికి రెండు మీటర్లుండి రెండూ రెండు చెబితే నేను ఆ బండి ఎక్కను."

"ఎక్కకు. ఇంట్లో కూర్చో!" సైరనక్క అంది. పక్క మంచాలవాళ్లు తిరిగి చూశారు.

"మీరుండండమ్మా. మీరు సూదులు పొడిపించి వెళ్లిపోతారు. నాకు చిన్నపిల్లుంది."

మంచం మీది మనిషి అప్పుడు మాట్లాడింది. కుట్లు లాగుతుంటే ఒక్కొక్క మాటే బయటికి వచ్చింది. "మా పెద్దన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోలేదండీ. దీంతోనే పోయాడు. ఆఖర్న నోట్లో నీళ్లు పోసింది నేను, ఒళ్లు తుడిచింది వీడు. మాకేం కాలేదు. తర్వాతే మీరు నన్ను చేసుకున్నారు. మీకూ ఏం కాలేదు."

బావ పిల్లని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

"పిల్లని వాడికివ్వండి," అందామె.

అతను ఇవ్వలేదు. పిల్లే జారి దిగి వెళ్లి మేనమామ మెడ పట్టుకుంది. బావ లాక్కోలేదు. కిటికీ వైపు చూస్తూ అన్నాడు:

"రేపు షాపుకి రా. ఆ గేటుపని ఆగిపోయింది, పార్టీ నా పీకల మీద కూర్చున్నాడు. మనవాళ్లు అడిగితే కిట్టు పాడైందని చెప్పు. టీకా గీకా అని మొదలుపెట్టకు. మీ అన్న సంగతి కూడా."

"కిట్టు పాడవ్వలేదయ్యా," సైరనక్క గొంతు లేచింది. "అందరి కోసం చెయ్యి చాపాడు వీడు, దొంగతనం చేసినట్టు..."

వెల్డరు ఆమె మోచేయి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు.

"అలాగే బావా," అన్నాడు.

*

మర్నాడు ఆమె వర్క్‌షాపుకు వెళ్లింది. పెద్ద సభ ఆహ్వానం ఫోన్లో ఉంది. దారంతా మాటలు పేర్చుకుంది. నువ్వు ఒక్కసారి నోరు విప్పితే ఎక్కడెక్కడి వాలంటీర్లకో ఈ గతి పట్టదురా. ఏ దేశంలో సూది పడ్డవాడైనా బతికున్నంతకాలం అడగ్గానే పరీక్ష, అడగ్గానే టీకా పడిందని సాక్ష్యం. అది రాయిస్తే నీ అన్న చావుకి, నీ సూదికి, నా మెట్లకి ఏదో ఒక అర్థం. ఇవన్నీ నిజాలే. ఒక్కటీ అబద్ధం కాదు.

షాపు ముందు ఇనుప గేటు పడుకోబెట్టి ఉంది. వెల్డరు ముసుగు పైకెత్తుకుని రాడ్ మారుస్తున్నాడు. పక్కన గ్రైండర్ పట్టుకున్న మనిషి అరిచి అడిగాడు: "ఏంట్రా, నీకేదో అయిందన్నారు?"

"ఏం కాలేదు. కిట్టు పాడైంది."

"నీ మొహం చూసే పాడైపోయుంటుంది!"

నలుగురూ నవ్వారు. వెల్డరూ నవ్వాడు. లోపల నుంచి బావ, "నవ్వింది చాలు, పార్టీ వచ్చేస్తాడు," అని కేకేశాడు. అది వాళ్ల షాపులో రోజూ వినబడే కేకే. అప్పుడు వెల్డరు రోడ్డుకు అవతల నిలబడ్డ సైరనక్కను చూశాడు. నవ్వు మొహం మీదే ఉంది గానీ కళ్లు బతిమాలాయి. ఆమె రోడ్డు దాటి, నోరు తెరిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుందేమోనని. చెప్పే మనిషే. అతనికి తెలుసు.

ఆమె చెయ్యెత్తి, పని చూసుకో అన్నట్టు ఊపింది. అతను ముసుగు దించాడు. నీలం వెలుగు లేచింది. ఆమె తల తిప్పుకుని బస్టాపు వైపు నడిచింది.

బస్సు రాలేదు. డాక్టరమ్మకు ఫోను చేసింది.

"అతను రాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు. నేను అడగలేదు."

అవతల టేపు చింపుతున్న చప్పుడు ఆగింది. "అడిగితే వచ్చేవాడేమో."

"వచ్చేవాడే డాక్టరమ్మా. అందుకే అడగలేదు. నేనడిగితే కాదనడు, సూదికీ కాదనలేదు." ఆమె బెంచీ మీద కూర్చుంది, కాళ్లు లాగుతున్నాయి. "ఆవిడకి రాయండి. పేరు చెప్పని మనిషి ఒకడున్నాడు, అతని తరఫున నేనొస్తాను. ట్రయల్ ఎత్తేశాక కూడా పరీక్ష ఉంటుందని ముందు కాయితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టేదాకా నేను ఏ మెట్టూ ఎక్కను."

"వాళ్లకి బతికున్న మనిషి కథ కావాలంటారు."

"కావాలి. తెలుసు. అయినా లేదని రాయండి."

డాక్టరమ్మ రాస్తానంది. బస్సు వచ్చింది, నిండుగా ఉంది. కండక్టరు లోపలికి జరగండి జరగండి అని అరుస్తున్నాడు. సైరనక్క కడ్డీ పట్టుకుని ఎక్కి, మనుషుల మధ్య ఇరుక్కుని నిలబడింది. ఎవరినీ ఏమీ అనలేదు.